గుమ్మానికి ఎడమవైపు అరుంధతి

వైకుంఠం పంతులు పెళ్ళి చేయిస్తే భోజనాలు వేళకు అవుతాయని గౌలిపురాలో పేరు. ఆయన గొంతు బాగుంటుందనో, మంత్రం శుద్ధంగా పలుకుతాడనో ఎవరైనా అంటారేమోనని చాలా ఏళ్ళు చెవులు రిక్కించుకుని తిరిగాడు. ఎవరూ అనలేదు. ఇక అనరని తేలాక, వచ్చిన పేరునే భుజాన వేసుకున్నాడు. తన చేతిమీదుగా పెళ్ళయినవాళ్ళు ఎలా కాపురం చేస్తున్నారో ఆయనకు తెలియదు గానీ, ఒక్కళ్ళు కూడా చల్లారిన పప్పు తినలేదని మాత్రం గుండెమీద చేయి వేసుకుని చెప్పగలడు.

దీని వెనక ఒక కిటుకు ఉంది. పెళ్ళిలో తలంబ్రాలు ఎంతసేపు పోసుకోవాలో వాళ్ళిష్టం. ఫొటోల సంగతి ఎత్తితే ఫొటోగ్రాఫరు ముహూర్తాన్నే వెనక్కి జరపమంటాడు. ఇక పంతులు చేతిలో మిగిలిందల్లా అరుంధతి. తాళి కట్టాక దంపతులను గుమ్మం బయటికి తెచ్చి, ఉత్తరాన సప్తర్షులనే ఏడు చుక్కల్లో వశిష్ఠుణ్ణి, ఆయన్ని ఆనుకుని మినుకుమినుకుమనే చిన్న చుక్కను చూపించాలి. ఆ చిన్న చుక్క ఆయన ఇల్లాలు అరుంధతి. మరీ సన్నది కాబట్టి ముందు పెద్దాయన్ని చూపించి, ఆయన పక్కన చూడండి అనాలి. పద్ధతి అది. కానీ ముహూర్తాలేమో పగలు పదకొండుకు. ఆకాశంలో సూర్యుడు తప్ప మరొకరు ఉండరు. పెళ్ళికూతురు కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని వెతుకుతుంది, మేనత్త అదా అంటుంది, పినతల్లి ఇదా అంటుంది, ఎండకు బాసికం జిగురు కరిగి కారుతుంది. వైకుంఠం తండ్రి ఈ ఒక్క పనికి అరగంట తగలేసేవాడు.

వైకుంఠం ఆ అరగంటను ఒక్క మాటతో తీసిపారేశాడు. చేయి పైకెత్తి, గొంతు కాస్త దించి, "అరుంధతి కనబడనోళ్ళు ఆరు నెలలకు మించి ఉండరని పెద్దలు చెప్పిన్రు. కనబడిందా?" అనేవాడు. అడగడం పూర్తి కాకముందే కనబడింది, కనబడింది అని జవాబు. పెళ్ళికొడుకుకి కనబడేది, పెళ్ళికూతురికి కనబడేది, వెనకనున్న మేనత్తలకీ సన్నాయివాళ్ళకీ కూడా కనబడేది. ఒకసారి చంకలో ఉన్న పిల్లాడు కూడా తలూపాడు. ఆ మాట ఆయన కల్పించింది కాదు, పాతకాలం నుంచి ఉన్న నమ్మకమే. పెద్దలు దాన్ని చావుకు దగ్గరైనవాడి చూపు గురించి చెప్పారు. వైకుంఠం దాన్ని లారీ డ్రైవరు హారన్ వాడినట్టు వాడుకున్నాడు.

ఇక ఆ చేయి ఎటు ఎత్తేవాడో కూడా చెప్పుకోవాలి. తండ్రి దగ్గర ఈ విద్య నేర్చుకున్నది సొంత ఇంటి గుమ్మంలో. బయటికి రావాలి, ఎడమ చేతివైపు తిరగాలి, చేయి ఎత్తాలి. ఆ ఇల్లు తూర్పుముఖం కాబట్టి ఎడమంటే ఉత్తరమే. పన్నెండేళ్ళ కుర్రాడు దిక్కు నేర్చుకోలేదు, చేయి నేర్చుకున్నాడు. ఆ తర్వాత పాతబస్తీలో ఎన్ని ఫంక్షన్ హాళ్ళకు వెళ్ళినా, అవి ఏ ముఖంగా ఉన్నా, ఆయన అరుంధతి గుమ్మానికి ఎడమవైపునే ఉదయించేది. ఒకచోట జనరేటర్ మీద, ఒకచోట చేతులు కడిగే కుళాయిల మీద. మలక్‌పేటలో ఒక హాల్లో ఎడమవైపు నిలువెత్తు అద్దం ఉంటే, పెళ్ళికొడుకు పెళ్ళికూతురు తమ మొహాలు తామే చూసుకుని కనబడిందన్నారు. అదే పంతులు ఎవరైనా ఇల్లు కట్టుకుంటుంటే వెళ్ళి, వంటగది ఈశాన్యంలో పడిందని గోడలు కూల్పించేవాడు. దిక్కులు చెప్పుకుని బతికే మనిషికి తన చేయి ఏ దిక్కున లేస్తోందో ఒక్కనాడూ తట్టలేదు.

బండి ఇలా నడిచిపోతుండగా చైత్రం చివర్లో ఓదెలు వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్కు. అతని పెళ్ళి చేయించింది కూడా వైకుంఠమే. ఉప్పుగూడలో ఇల్లు అన్నదమ్ములు పంచుకున్నాక జల్‌పల్లిలో చిన్న ప్లాటు కొని రెండు గదులు వేసుకున్నాడు. ఇప్పుడు కూతురు రూపకు పెళ్ళి. ముహూర్తం సాయంత్రం చీకటి పడ్డాక కావాలన్నాడు. ఎండాకాలం కదా, చల్లపూట మంచిదేనని వైకుంఠం పంచాంగం తిప్పి, వైశాఖంలో ఒక మంచి లగ్నం చూపించాడు. అప్పుడు ఓదెలు బుర్ర గోక్కుంటూ, ఇంట్లో ఆడవాళ్ళది ఒకటే పట్టు అయ్యగారూ, అరుంధతిని నిజంగా చూడాలంటున్నారు, అందుకే రాత్రి ముహూర్తం అడిగాం, మీరైతే ముప్పై ఏళ్ళుగా చూపిస్తున్నారు కదా, మీకేం కష్టం అన్నాడు.

కష్టమేముంది అన్నాడు వైకుంఠం. ఓదెలు వీధి మలుపు తిరిగాక గానీ అసలు సంగతి తట్టలేదు. తానెన్నడూ అరుంధతిని చూడలేదు. చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. మిఠాయి కొట్టువాడు తన లడ్డూ తాను తినడు కదా అని సర్దిచెప్పుకుని, ఆ సాయంత్రమే మిద్దె ఎక్కాడు.

మొదటిరోజు బాగా మెరిసే చుక్క ఒకటి దొరికింది. ఇంత సులువా అని మురిసిపోయి దానికి నమస్కారం కూడా చేశాడు. అది మెల్లగా జరిగి, ఎర్రదీపం ఆర్పుతూ వెలిగిస్తూ శంషాబాద్‌లో దిగడానికి పోయింది. మర్నాడు పాత పుస్తకంలో బొమ్మ చూసి వెళ్ళాడు. సొంత ఇల్లు తూర్పుముఖమే కాబట్టి ఎడమ చేయి ఎత్తితే ఈసారి సప్తర్షులు దొరికారు. ఏడుగురూ కాస్త అలికినట్టున్నా లెక్కకు సరిపోయారు. తోకలో చివరి నుంచి రెండోవాడు వశిష్ఠుడు. ఆయన పక్కన ఎవరూ లేరు. వైకుంఠం కళ్ళు నులుముకున్నాడు, చికిలించాడు, పిడికిలి గొట్టంలా చుట్టి అందులోంచి చూశాడు. మహర్షి పిండిముద్దలా ఒంటరిగా వెలుగుతున్నాడు. మూడోరోజూ అంతే. నాలుగోరోజు మెట్లు దిగుతుండగా, పెళ్ళిళ్ళలో తాను చెప్పే మాట ఎవరో వెనకనుంచి తనకే చెప్పినట్టయింది.

కనబడనివాళ్ళు ఆరు నెలలకు మించి ఉండరు.

ఆ రాత్రి అన్నం సహించలేదు. చైత్రం నుంచి లెక్కవేస్తే కార్తీకం మొదటికి తేలింది. కార్తీకంలో పోవడం పుణ్యమేనని ఒక నిమిషం తృప్తి పడ్డాడు. మరుక్షణం ఏడుపు వచ్చింది. ఉత్తిదే, పాతకాలపు మాట, నమ్మనక్కర్లేదు అనుకుందామంటే, అదే మాట చెప్పి ఇన్నేళ్ళూ దక్షిణ పుచ్చుకున్నాడు. శాస్త్రం అబద్ధమంటే బతుకుతెరువు పోతుంది, నిజమంటే బతుకే పోతుంది. తన గోతిని తానే, అదీ సన్నాయి మేళంతో, తవ్వుకున్న మొనగాడు ఈ ఊళ్ళో తానొక్కడే అయి ఉంటాడనుకున్నాడు.

అక్కణ్ణుంచి ఆయన చేసిన పనులు తలుచుకుంటే ఆయనకే నవ్వొస్తుంది, ఇప్పుడు. అప్పుడు రాలేదు. భార్య వరమ్మను పిలిచి బీరువా తాళం ఎక్కడ ఉంటుందో, కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలో నేర్పబోయాడు. ఇరవై ఏళ్ళుగా ఆ రెండు పనులూ చేస్తున్నది ఆవిడే. పట్టుపంచెలు మేనల్లుడికి ఇచ్చేస్తానని మూటకట్టి, అందులో ఒకటి బాగుందని మళ్ళీ విప్పాడు. గోంగూర వాతం చేస్తుందని ఎన్నో ఏళ్ళ కిందట మానేసినవాడు, పోయేవాడికి వాతమేంటని రోజూ చేయించుకుని తిని, నిజంగానే మోకాళ్ళు పట్టేసి మంచమెక్కాడు. ఇదీ ఒక సూచనే అనుకున్నాడు.

వరమ్మ అమాయకురాలేమీ కాదు. వారం చూసింది. సాయంత్రం కాగానే మిద్దెక్కి మెడ వెనక్కి వాల్చి కళ్ళు చికిలించే మొగుడిని చూసి, దొడ్లో బట్టలు తీస్తూ తీస్తూ తేల్చేసింది. చూపు తగ్గిందనీ, మొగల్‌పురాలో ముంతాజుద్దీన్ సాబ్ దగ్గరికి పోయి అద్దాలు వేయించుకోమనీ, తన అద్దాలు కూడా ఆయనే ఇచ్చాడనీ చెప్పింది. వైకుంఠానికి తల కొట్టేసినట్టయింది. అరవయ్యోపడిలో కూడా పంచాంగంలో చీమతలంత అక్షరాలు అద్దాలు లేకుండా చదువుతానని ఆయన పెళ్ళి పెళ్ళికీ చెప్పుకుంటాడు. బస్సు మీద పేరు కనబడకపోతే బస్సుకు దుమ్ము పట్టిందంటాడు. అలాంటి కళ్ళకు అద్దాలా అని కసురుకున్నాడు. మర్నాడు పూజసామాను తేవాలని అబద్ధమాడి నేరుగా మొగల్‌పురాకే వెళ్ళాడు. చావబోయేవాడికి పౌరుషం ఎక్కువసేపు నిలవదు.

ముంతాజుద్దీన్‌ది తాతల నాటి కొట్టు. గోడమీద ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు అక్షరాల చార్టులు మూడూ పక్కపక్కనే ఉంటాయి. వైకుంఠం తెలుగు చార్టులో రెండు వరుసలు గంభీరంగా చదివి, మూడో వరుస దగ్గర అక్షరాలు అరిగిపోయినయి భాయ్, కొత్త చార్టు తెచ్చుకో అన్నాడు. ముంతాజుద్దీన్ పరీక్ష ఫ్రేములో ఒక గాజుబిళ్ళ వేశాడు. అరిగిపోయిన అక్షరాలు అప్పుడే అచ్చు కొట్టినట్టు తిరిగొచ్చాయి. దగ్గరిది కనబడి దూరానిది కనబడని నంబరు పంతులు సాబ్, ఇది చానా ఏండ్ల సంది ఉన్నది, ఇన్ని రోజులు రోడ్డెట్ల దాటినవ్ అని నవ్వాడు.

ఆ నవ్వు చూసి వైకుంఠం కరిగిపోయాడు. అరుంధతి సంగతీ, ఆరు నెలల సంగతీ, కార్తీకం సంగతీ అంతా కక్కేశాడు. ముంతాజుద్దీన్ నవ్వు ఆపి, ఏ చుక్కో చూపించమన్నాడు. కౌంటరు గాజుమీద టీలో వేలు ముంచి వైకుంఠం ఏడు బొట్లు పెట్టాడు, ఆరో బొట్టు పక్కన గోటితో చిన్న చుక్క అంటించాడు.

"గిదా," అన్నాడు ముంతాజుద్దీన్. "గిది సుహా. మా దాదా రోజూ చెప్పేటోడు."

ఆ తాత ఒక హకీము దగ్గర పని నేర్చుకున్నవాడట. చార్టులు లేని జమానాలో అరబ్బు దేశాల్లో కళ్ళ పరీక్షకు ఈ చుక్కనే చూపించేవారని, పెద్ద చుక్క పక్కన ఇది విడిగా కనబడితే చూపు మంచిదని, కనబడకపోతే తగ్గిందని లెక్క అని తాత చెప్పేవాడట. సుహా అంటే మరిచిపోయినది, ఎవరూ పట్టించుకోనిది. ఉంటుంది గానీ పక్కనున్న పెద్దచుక్క వెలుగులో ఎవరి చూపూ దానిమీద ఆగదు, అందుకే ఆ పేరు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని అల్కోర్ అంటారనీ, ఆ మాట కూడా అరబ్బీలోంచే పోయి దారిలో నలిగిందనీ, అసలు ఏ మాటో చదువుకున్నవాళ్ళే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారనీ అన్నాడు. మరి మీ అరుంధతికి అర్థమేంటని అడిగాడు. వైకుంఠం గొంతు సవరించుకున్నాడు. అడ్డుపడనిది అని కొందరంటారు, పుండ్లు మాన్పే తీగ ఒకటి వేదంలో ఉంది, చెట్టును పెనవేసుకుని పెరుగుతుంది, దాని పేరూ అరుంధతే అని ఇంకొందరంటారు అన్నాడు. రెంటిలో ఏది నిజమని ముంతాజుద్దీన్ అడిగితే, ఇన్నేళ్ళలో అడిగినవాడు నువ్వే భాయ్, నేనూ ఆలోచించలే అన్నాడు.

ముంతాజుద్దీన్ ఆయన భుజం తట్టి, "పంతులు సాబ్, మీకు మౌత్ రాలే. నంబర్ వచ్చింది," అన్నాడు.

వచ్చింది చావు కాదన్న ఆ మాటకు వైకుంఠం నెత్తిన పాలు పోసినట్టయింది. తిరిగి వస్తూ దారి పొడుగునా ఆ రెండు పేర్ల గురించే ఆలోచించాడు. చుక్క ఒకటే. మనవాళ్ళు దాన్ని పతివ్రతను చేసి పెళ్ళి పెళ్ళికీ తలుచుకుంటున్నారు. వాళ్ళేమో మరిచిపోయినది అన్నారు. తన పెళ్ళిళ్ళ మటుకు వాళ్ళ పేరే సరైనదని ఒప్పుకోవలసి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా జనానికి తాను చూపించింది చుక్కను కాదు, చుక్క పేరును. ఇంటికి చేరాక, పూజసామాను ఏదని వరమ్మ అడిగితే మరిచిపోయానన్నాడు.

అద్దాలైతే వచ్చాయి గానీ ఆకాశం మొహం చాటేసింది. వైశాఖం మబ్బులు సాయంత్రమయ్యేసరికి కమ్మేసేవి. అద్దాలు పెట్టుకుని చార్మినార్ వైపు నాలుగు మినార్లమీద పావురాలను వేరు వేరుగా చూడగలుగుతున్నాడు, బస్సుల దుమ్ము కూడా వదిలింది. అయినా అరుంధతి కళ్ళబడేదాకా ప్రాణం కుదుటపడదు. ముంతాజుద్దీన్ మంచివాడే, కానీ మందుకొట్టువాడు మందే కావాలంటాడు కదా, అద్దాలవాడు అద్దాలే అంటాడు. పగలు తనను చూసి తానే నవ్వుకునేవాడు. పొద్దుగూకాక మళ్ళీ నాడి చూసుకునేవాడు. ఇలాగే పెళ్ళిరోజు వచ్చేసింది. ఆ సాయంత్రం గాలివీచి మబ్బు తొలగిపోయింది.

జల్‌పల్లిలో ఓదెలు ఇంటిముందు టెంటు. చుట్టూ ఇంకా కట్టని ప్లాట్లు, పాతబస్తీ అంత వెలుతురు లేదు. వైకుంఠం పీటలు తూర్పుముఖంగా, అంటే ఇంటివైపు తిరిగేలా వేయించాడు. తాళి వేళకు పడింది. తలంబ్రాలయ్యాయి. దంపతులను ఇంట్లో దేవుడికి మొక్కించి గుమ్మం బయటికి తీసుకురాగానే రూప తనే చెప్పి టెంటు దీపాలు ఆర్పించింది. ఆమె నానమ్మ మాణిక్యమ్మకు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గుమ్మం పక్కనే వేశారు. అందరూ తలలెత్తారు. వైకుంఠం బొడ్లో దాచుకున్న అద్దాలు తీసి పెట్టుకున్నాడు. చీకట్లో పిల్లలు కిసుక్కుమన్నారు, ఆడవాళ్ళలోంచి వరమ్మ నవ్వు విడిగా వినబడింది.

ఆయన ఎడమవైపు తిరిగి చేయి ఎత్తాడు. ఒక వాటర్ ట్యాంకు, సెల్ టవర్ ఎర్రదీపం. అరుంధతి లేదు సరే, వశిష్ఠుడు లేడు. మిగతా ఆరుగురూ లేరు. అద్దాలు లేకుండానే ఏడుగురు కనబడేవారు, అద్దాలు పెట్టుకుంటే మొత్తానికే పోయారు. ఆరు నెలలు కాదు, ఈ రాత్రే అనుకున్నాడు వైకుంఠం. చేయి దించడానికి కూడా ధైర్యం చాలక దిక్కులు చూస్తుంటే హోమం నిప్పుల వెలుగులో పెళ్ళిపీటలు కంటబడ్డాయి. తన చేత్తో తూర్పుముఖంగా వేయించిన పీటలు. అవి ఇంటివైపు చూస్తున్నాయి. అంటే ఈ గుమ్మం పడమటి ముఖం. అంటే ఎడమవైపున్నది దక్షిణం.

గిర్రున కుడివైపుకు తిరిగాడు. ఏడుగురు మహర్షులూ, ఎక్కడికీ పోకుండా, పక్క ఖాళీ ప్లాటు మీద నిలబడి ఉన్నారు. తోకలో రెండోవాడి పక్కన, విడిగా, సూదిమొనంత చుక్క. ఉన్నది. నిజంగా ఉన్నది. వైకుంఠం తాను పంతులునన్న సంగతి మరిచిపోయి, కనబడింది కనబడింది అని చిన్నపిల్లవాడిలా కేకపెట్టాడు. కళ్ళనీళ్ళతో అద్దాలు మసకబారితే తుడుచుకుని మళ్ళీ చూశాడు, మళ్ళీ ఉన్నది. పెళ్ళికొడుకు కూడా కనబడిందన్నాడు, వాడింకా ట్యాంకు వైపే చూస్తున్నాడని రూప వాడి గడ్డం పట్టుకుని తిప్పింది. జనం నవ్వారు. కార్తీకం గండం గడిచిన మనిషికి ఆ నవ్వులన్నీ తియ్యగా ఉన్నాయి.

నవ్వులు తగ్గాక మాణిక్యమ్మ పిలిచింది. ఆయన ఆమె కుర్చీ పక్కకు వెళ్ళి వంగాడు. ఆమె కళ్ళకు పొరలు వచ్చి చాలాకాలమైంది. ఆకాశంవైపు చూడకుండా, జనం మాటలనుబట్టి దిక్కు పోల్చుకుని, మెల్లగా అంది.

"అయ్యగారూ, ఇయ్యాల మీరు గిటు చూపెడుతున్నరు. మా ఓదెలు పెండ్లిల గటు చూపెట్టిన్రు."

వైకుంఠానికి ఉప్పుగూడ ఇల్లు గుర్తొచ్చింది. అదీ పడమటి ముఖమే. పగలు పదకొండు గంటలు. అందరూ కనబడిందన్నాక, ఓదెలు తండ్రి కృష్ణయ్య ఒక్కడు, నాకు కనబడతలేదు అయ్యగారూ అన్నాడు. నీళ్ళ పైపుల దగ్గర లైన్‌మన్, పైపు పగిలిందంటే పగిలింది, లేదంటే లేదు, అలాంటి మనిషి. జనం గొల్లున నవ్వారు. వైకుంఠం అప్పుడు మంచి ఊపులో ఉన్నాడు. అయితే కృష్ణయ్యా, ఆరు నెలల్ల పనులన్నీ చక్కబెట్టుకో అన్నాడు. మళ్ళీ నవ్వులు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికే ఆ సంగతి ఆయనకు గుర్తులేదు.

"అందరితోని ఆయన గూడ నవ్విండు," అంది మాణిక్యమ్మ. "గని పొద్దుమీకంగనే మిద్దె ఎక్కేటోడు. మీరు చెయ్యి చూపెట్టిన దిక్కే చూసెటోడు. ఆరు నెలలు. ఒక్కరోజు గూడ తప్పలే."

తర్వాత ఏమైందని వైకుంఠం అడగకముందే ఆమే చెప్పింది. ఆరు నెలలు గడిచాక ఎక్కడం మానేశాడట. ఆ తర్వాత పదేళ్ళు బతికాడట, షుగరుతో పోయాడట. ఆ చుక్క మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆ ఆరు నెలలూ పనికి పోయివచ్చి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, కొత్తకోడలు తనవల్లే ఏదో తప్పు జరిగిందనుకుని ఏడ్చేది. అసలది ఎటు ఉంటుందో ఒకసారి తెలుసుకుందామని ఇప్పుడు మనవరాలితో చెప్పి రాత్రి ముహూర్తం అడిగించింది తనేనంది.

వైకుంఠం ఆమె కుర్చీ పక్కన నేలమీద చతికిలబడ్డాడు. నెల రోజుల భయానికి తాను గోంగూర తిని మంచమెక్కాడు, తన భయానికి ముంతాజుద్దీన్ ఉన్నాడు, వరమ్మ ఉంది.

"మాణిక్యమ్మా, గారోజు నాకు గూడ కనబడలే. పట్టపగలు ఎవలకు కనబడది. అందరం ఉత్తగనే అన్నం," అన్నాడు.

"నాకెరుకే అయ్యగారూ. ఆయనకు గూడ చెప్పిన, పగటిపూట చుక్కలు ఎట్ల కనబడతయని," అంది ఆమె. "అయ్యగారు అబద్ధమెందుకు చెప్తడు అనుకుంట మళ్ళ మిద్దె ఎక్కేటోడు."

వైకుంఠం వంగి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. పెళ్ళిళ్ళలో కాళ్ళు మొక్కించుకోవడమే గానీ మొక్కే అలవాటు లేక, వంగడం సరిగా కుదరలేదు. కొత్త అద్దాలు ముక్కుమీంచి జారి మట్టిలో పడ్డాయి. ఇదేంది అయ్యగారూ, లేవండ్రి, జనం చూస్తున్నరు అని మాణిక్యమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. ఆయన లేవలేదు. ఆమే కుర్చీలోంచి వంగి, నేల తడిమి అద్దాలు దొరకబుచ్చుకుంది. కొంగుతో రెండు బిళ్ళలూ తుడిచి, ఆయన చేతిలో పెట్టింది.

"నాకైతే కనబడది. ఎటు ఉన్నదో నా చెయ్యి పట్టి చూపెట్టుండ్రి," అంది.

ఆయన అద్దాలు పెట్టుకుని, లేచి నిలబడి, ముందు ఉత్తరం ఎటో చూసుకుని, ఆమె చేయి అందుకున్నాడు.